ఫార్మాట్ చేయమని అడిగితే ఆగండి: తెనాలి స్టూడియో డబ్బాలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ

డిస్కును విండోస్ కంప్యూటర్‌కు తగిలించగానే "దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడిగిందంటే డిస్కు పోయిందని కాదు. దాని మీద ఉన్న ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి, విండోస్‌కు తెలియదు, అంతే. ఇళ్లల్లో, చిన్న షాపుల్లో వాడే నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బాలు దాదాపు అన్నీ లోపల లినక్సే నడుపుతాయి. వాటి డిస్కు ఊడదీసి విండోస్‌కు పెడితే ఈ ప్రశ్న రావడం మామూలే. ఆ సంగతి తెలియక ఓకే నొక్కేసినవాళ్లు ఎంతమంది ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది. అందుకే, అలాంటి ఒక డబ్బాలోంచి ఫోటోలు ఎలా బయటికి తీశానో, తర్వాత అందులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే చిన్న లినక్స్ ఎలా పెట్టానో వివరంగా రాస్తున్నాను.

మా మేనమామకు తెనాలిలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, అన్నీ తీస్తాడు. వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ అనే 2 టీబీ డబ్బా ఒకటి కొని, చాలా ఏళ్ల ఆల్బమ్‌లు అందులోనే దాచాడు. నిలబెట్టిన లావుపాటి పుస్తకంలా ఉంటుంది, ఫ్యాన్ ఉండదు, వెనక ఒక నెట్‌వర్క్ కేబుల్, ఒక పవర్ కేబుల్. ఈమధ్య పాత కస్టమర్ ఒకరు వచ్చి పెళ్లి ఆల్బమ్ వానకు తడిసిపోయింది, మళ్లీ వేయించి ఇవ్వమన్నారట. స్టూడియోలో పనిచేసే కుర్రాడు డబ్బాను బీరువా మీద నుంచి దింపి కేబుల్ పెడితే కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. దగ్గర్లోని సర్వీస్ షాపుకు తీసుకెళితే వాళ్లు డిస్కు ఊడదీసి విండోస్‌కు పెట్టి, "డెడ్ అయిపోయింది, డేటా రికవరీకి హైదరాబాద్ పంపాలి" అని చెప్పారు.

"అమ్మాయ్, డిస్కు పోయిందంటున్నారే. నువ్వు ఎలక్ట్రానిక్స్ చెబుతావు కదా, ఒకసారి చూస్తావా?" అని మామయ్య ఫోన్.

"మామయ్యా, ఫార్మాట్ ఏమన్నా నొక్కారేమో ముందు అది కనుక్కో. నొక్కకపోతే ఇంక ఎవరినీ ముట్టుకోనివ్వకు. డబ్బా, డిస్కు, అడాప్టర్ మూడూ గుంటూరు పంపించు" అన్నాను. నొక్కలేదు. అదొక్కటే అదృష్టం.

అసలు డబ్బా బీరువా ఎక్కడానికి కారణం ఉంది. 2021 జూన్‌లో ప్రపంచవ్యాప్తంగా చాలామంది మై బుక్ లైవ్ యజమానులు పొద్దున్నే లేచి చూసుకునేసరికి డబ్బాలు ఖాళీగా ఉన్నాయి. ఎవరో ఇంటర్నెట్ గుండా లోపలికి వచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. డబ్బాను ఇంటర్నెట్ నుంచి వెంటనే తీసేయమని కంపెనీయే ప్రకటించింది. తర్వాత బయటపడిన కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. రీసెట్ చేయాలంటే పాస్‌వర్డ్ అడిగే కోడ్ ఉంది, కానీ ఆ వరుసలను కామెంట్‌గా మార్చేసి ఉంచారు. ఆ మార్పు 2011 నాటిదని కంపెనీయే చెప్పింది. దీనికి తోడు 2018లోనే బయటపడిన ఇంకో లోపం కూడా ఉంది. ఈ డబ్బాకు చివరి అప్‌డేట్ వచ్చింది 2015లో. మామయ్య ఆ వార్త పేపర్లో చూసి, కేబుల్ పీకి పైన పెట్టేశాడు. డేటా మిగిలింది ఆ జాగ్రత్త వల్లే.

ఇక కొత్త కంప్యూటర్‌లో ఎందుకు తెరుచుకోలేదంటే, డబ్బాలో ఉన్నది డెబియన్ అనే లినక్స్ రకం 5వ వెర్షన్ ఆధారంగా చేసిన పాత సిస్టమ్, కెర్నెల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) 2.6.32. అందులో ఫైళ్లను విండోస్‌కు అందించే సాంబా అనే ప్రోగ్రామ్ కూడా ఆ కాలం నాటిదే, ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ భాషలో దానికి వచ్చింది మొదటి వెర్షన్ ఎస్ఎంబీ1 ఒక్కటే. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై పాకింది ఆ ఎస్ఎంబీ1 లోపం గుండానే. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌లో ఎస్ఎంబీ1 ఉండటం లేదు. అంటే డబ్బా బాగానే ఉంది, కంప్యూటర్ బాగానే ఉంది, ఇద్దరికీ మాటలు కలవలేదు. "విండోస్‌లో ఎస్ఎంబీ1 ఆన్ చేసేయండి" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి చేయకండి. స్టూడియోలో ఆ కంప్యూటర్‌లోనే బ్యాంకు పనులు కూడా జరుగుతాయి.

డిస్కు చేతికి రాగానే మొదట చూడాల్సింది కరెంటు. ఇది 3.5 అంగుళాల డిస్కు, దీనికి 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా కావాలి. లాప్‌టాప్ డిస్కులకు వాడే సన్న యూఎస్‌బీ కేబుల్‌కు తగిలిస్తే తిరగనే తిరగదు. దాన్ని చూసి కూడా డిస్కు చచ్చిపోయిందనేవాళ్లున్నారు. సొంత అడాప్టర్ ఉన్న డాక్ వాడాలి. నేను కాలేజీ ల్యాబ్‌లో ఉన్న డాక్ తెచ్చుకుని, నా డెబియన్ లాప్‌టాప్‌కు పెట్టి, ఏదీ మౌంట్ చేయకుండా (అంటే ఫైళ్లు తెరిచేలా కలపకుండా) ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూశాను. రీఅలొకేటెడ్ సెక్టార్లు సున్నా, పెండింగ్ సెక్టార్లు సున్నా, అంటే చెడిపోయిన చోట్లేవీ కనిపించలేదు. లోడ్ సైకిల్ కౌంట్ మాత్రం చాలా పెద్దగా ఉంది. ఇది గ్రీన్ రకం డిస్కు. ఎనిమిది సెకన్లు పని లేకపోతే హెడ్‌ను పక్కకు పార్క్ చేసేస్తుంది, మళ్లీ పని రాగానే దింపుతుంది. ఏళ్ల తరబడి అదే పని. చదవడానికి ఇబ్బంది లేదుగానీ, మళ్లీ రోజువారీ వాడకానికి ఈ డిస్కును పెట్టకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

తర్వాత డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని ఇంకో పెద్ద డిస్కు మీదికి ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీశాను. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయింది. ఇక్కడి నుంచి చేసేదంతా ఆ ఇమేజ్ మీదే. అసలు డిస్కును కవర్లో పెట్టి, మీద మామయ్య పేరు రాసి బీరువాలో దాచాను. డేటా విలువైనదైతే ఈ మెట్టు ఎవరూ దాటేయకూడదు. సమయం లేదు, ఖాళీ డిస్కు లేదు అంటే, అవి రెండూ దొరికేదాకా పని మొదలుపెట్టకండి.

ఇమేజ్‌లో నాలుగు పార్టిషన్లు, అంటే భాగాలు, ఉన్నాయి. మొదటి రెండూ సిస్టమ్‌వి, మూడోది ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్, నాలుగోది డేటా. నాలుగోదాన్ని చదవడానికి మాత్రమే మౌంట్ చేయబోతే లినక్స్ కూడా అడ్డం తిరిగింది. "ఫైల్ సిస్టమ్ రకం తప్పు, ఆప్షన్ తప్పు, లేదా సూపర్‌బ్లాక్ పాడైంది" అని వచ్చే ఆ పాత మెసేజ్ ఉంది చూశారూ, అదే వచ్చింది. విండోస్ వద్దంది, లినక్స్ వద్దంది. ఈ చోట చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలు ఉండే చోటు) పాడైందేమోనని మరమ్మతు చేసే టూల్స్ నడపడం మొదలుపెడతారు. అసలు డిస్కు మీదే నడుపుతారు. బాగున్న డేటా అక్కడే పోతుంది.

మౌంట్ చెప్పే మెసేజ్ ఎప్పుడూ పైపైనే ఉంటుంది. అసలు కారణం కెర్నెల్ లాగ్‌లో ఉంటుంది. ఆ లాగ్ చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టి చివరి వరుస చూస్తే, బ్లాక్ సైజ్ 65536, అది కుదరదు అని ఉంది. డంప్‌ఈ2ఎఫ్ఎస్‌తో సూపర్‌బ్లాక్ చదివితే శుభ్రంగా చదవగలిగింది, అందులోనూ అదే అంకె. అంటే సూపర్‌బ్లాక్‌కు ఏమీ కాలేదు.

సంగతేమిటంటే, మై బుక్ లైవ్‌లో ఉన్నది ఇంటెల్ ప్రాసెసర్ కాదు. అప్లైడ్ మైక్రో కంపెనీ ఏపీఎం82181 అనే పవర్‌పీసీ చిప్, 800 మెగాహెర్ట్జ్, తోడుగా 256 ఎంబీ ర్యామ్. దాని కెర్నెల్‌ను, మెమరీని 64 కేబీ ముక్కలుగా (వీటినే పేజీలంటారు) వాడేలా తయారుచేశారు. పెద్ద పేజీలైతే పెద్ద ఫైళ్లు వేగంగా కదులుతాయి, దానికి తగ్గట్టు డేటా పార్టిషన్‌ను కూడా 64 కేబీ, అంటే ఆ 65536 బైట్ల, బ్లాకులతో ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేశారు. మన లాప్‌టాప్‌లలో మెమరీ పేజీ 4 కేబీ. పేజీ కంటే పెద్ద బ్లాకు ఉన్న ఈఎక్స్‌టీ4ను లినక్స్ కెర్నెల్ ఇటీవలి దాకా మౌంట్ చేసేది కాదు. పాడైనది ఏదీ లేదు, ఈ కెర్నెల్ పేజీకి ఆ బ్లాకు పట్టలేదు, అంతే. పవర్‌పీసీలో బైట్లు తిరగేసి ఉంటాయి కాబట్టి చదవలేకపోతోంది అనుకునేవాళ్లూ ఉన్నారు. అది కూడా కాదు. ఏ ప్రాసెసర్ రాసినా ఈఎక్స్‌టీ4 డిస్కు మీద ఒకే వరుసలో, లిటిల్ ఎండియన్ (చిన్న బైటు ముందు) పద్ధతిలోనే ఉంటుంది.

దారి సులువైనదే. కెర్నెల్ మౌంట్ చేయకపోతే కెర్నెల్ బయట చదివించాలి. ఫ్యూజ్2ఎఫ్ఎస్ అనే ప్రోగ్రామ్ డెబియన్‌లోనే ప్యాకేజీగా దొరుకుతుంది. అది ఫైల్ సిస్టమ్‌ను యూజర్ ప్రోగ్రామ్‌గా చదువుతుంది కాబట్టి దానికి పేజీ సైజుతో పని లేదు. రీడ్ ఓన్లీ ఆప్షన్‌తో నడపగానే ఫోల్డర్లు అన్నీ వచ్చేశాయి. ఇంటి పేర్లు, ఊర్లు, తేదీలు, అన్నీ మామయ్య పద్ధతిలో తెలుగులోనే. అంగలకుదురు, కొలకలూరు, చేబ్రోలు. ఒక ఫోల్డర్ తెరిస్తే తలంబ్రాల ఫోటోలు. వెంటనే మామయ్యకు ఒకటి పంపించాను. ఆయన నుంచి సమాధానం రాలేదు, ఫోనే వచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆ తడిసిన ఆల్బమ్ వాళ్లది ఉందేమో చూడమ్మా" అన్నాడు. ఉంది.

డేటా బయటపడింది కాబట్టి డబ్బాను పక్కన పడేయొచ్చు. పడేయడం నాకు ఇష్టం లేదు. బోర్డు బాగుంది, గిగాబిట్ పోర్టు ఉంది, కరెంటు పెద్దగా తాగదు, చప్పుడు లేదు. కంపెనీ అప్‌డేట్లు ఆపినంత మాత్రాన పనిచేసే వస్తువు చెత్త అయిపోదని నేను గట్టిగా నమ్ముతాను. ఇలాంటి చిన్న డబ్బాల్లో సొంత లినక్స్ పెట్టడం ఇప్పటిది కాదు. 2004లో లింక్‌సిస్ ఎన్ఎస్ఎల్‌యూ2 అని వచ్చింది. 32 ఎంబీ ర్యామ్, 8 ఎంబీ ఫ్లాష్, అంతే ఉన్న ఆ డబ్బాలో కూడా పూర్తి డెబియన్ ఎక్కించారు. మార్టిన్ మిక్ల్‌మయర్ లాంటివాళ్లు ఆ పని చేసి, ఎలా చేయాలో విడమరిచి రాసిపెట్టారు. నేను బీటెక్ చదివే రోజుల్లో బూట్‌లోడర్ (పవర్ ఇవ్వగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) అంటే ఏమిటో అర్థమైంది ఆయన పేజీలు చదివాకే.

మై బుక్ లైవ్‌కు మామూలు డెబియన్ ఇప్పుడు కుదరదు. 32 బిట్ పవర్‌పీసీని 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచే అధికారికంగా వదిలేశారు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వదల్లేదు. రౌటర్ల కోసమే అని మనం అనుకుంటాం గానీ, ఈ చిప్ కుటుంబాన్ని అందులో క్రిస్టియన్ లాంపార్టర్ ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చారు. 24.10 వెర్షన్‌లో మై బుక్ లైవ్‌కు ఇమేజ్ ఉంది, కెర్నెల్ 6.6. ఎక్కడో ఒక మనిషి ఓపిగ్గా, బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు ఒకటి రాసి, ప్రతి కొత్త కెర్నెల్‌కు సరిచేస్తూ ఉంటే తెనాలిలో ఒక స్టూడియో పని జరుగుతోంది. ఆ రుణం నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

ఈ డబ్బాలో ఇంకో మంచి గుణం ఉంది. బోర్డు మీద ఉన్నది 512 కేబీ ఫ్లాష్ మాత్రమే, అందులో యూబూట్ అనే బూట్‌లోడర్ ఒక్కటే ఉంటుంది. కెర్నెల్, సిస్టమ్, అన్నీ హార్డ్ డిస్కు మీదే. యూబూట్ డిస్కు మొదటి పార్టిషన్‌లో బూట్ స్క్రిప్ట్ వెతికి, అది చెప్పినట్టు కెర్నెల్‌ను ఎక్కిస్తుంది. అందుకని డిస్కు మీద ఏ ప్రయోగం చేసినా డబ్బా చావదు, మళ్లీ ఇమేజ్ రాసుకుంటే సరి. యూబూట్ జోలికి మాత్రం పోవద్దు. కెర్నెల్ కూడా బోర్డు మీది ఫ్లాష్‌లోనే ఉండే డబ్బాలకు ఈ ధీమా ఉండదు, వాటితో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మామయ్య చేత కొత్త 2 టీబీ డిస్కు కొనిపించాను, నెట్‌వర్క్ స్టోరేజ్ కోసం చేసే రకం. పెద్దది కొందామంటే, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఇమేజ్‌తో వచ్చే పార్టిషన్ పట్టిక పాత ఎంబీఆర్ రకం, అది 2 టీబీ దాటి చూడలేదు. దాటించే మార్గాలు ఉన్నాయి గానీ షాపులో వాడే డబ్బాకు సాదాగా ఉండటమే మంచిది. డిస్కును లాప్‌టాప్‌కు తగిలించి, సీరియల్ నంబర్‌ను లేబుల్‌తో పోల్చి చూసుకుని, డీడీ కమాండ్‌తో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఇమేజ్‌ను డిస్కు మొత్తానికి రాయాలి, పార్టిషన్‌కు కాదు. తర్వాత మిగిలిన ఖాళీలో మూడో పార్టిషన్ చేసి, మామూలు 4 కేబీ బ్లాకులతో ఈఎక్స్‌టీ4 ఫార్మాట్. రేపు ఇంకెవరైనా ఈ డిస్కు ఊడదీసినా ఏ లినక్స్ లాప్‌టాప్‌లో అయినా తెరుచుకోవాలి. ఫోటోలన్నీ అందులోకి కాపీ చేశాక డిస్కును డబ్బాలో బిగించాను.

మా ఇంట్లో మొదటిసారికే వచ్చింది. రౌటర్ దగ్గర అడ్రస్ తీసుకుంది, బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంది. మొదట్లో రూట్ (అడ్మిన్) యూజర్‌కు పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి అది పెట్టడమే మొదటి పని. తెనాలి తీసుకెళ్లి స్టూడియోలో పెడితే మాత్రం జాడ లేదు. రౌటర్ లిస్టులో దాని పేరే రావడం లేదు.

ఇలాంటప్పుడు ఊహలతో కుస్తీ పట్టడం కంటే, డబ్బా లేచేటప్పటి మెసేజ్‌లు చూపించే సీరియల్ కేబుల్ పెట్టడం మేలు. బోర్డు మీద సీరియల్ కోసం చోటు ఉంటుంది, అక్కడ సన్నగా టంకం పెట్టాలి. మూడే తీగలు: గ్రౌండ్, పంపేది, అందుకునేది. పంపేది అందుకునేదానికి, అందుకునేది పంపేదానికి కలపాలి. యూఎస్‌బీ అడాప్టర్‌లో ఉండే వోల్టేజ్ తీగను వదిలేయాలి, డబ్బాకు సొంత కరెంటు ఉంది. అన్నింటికంటే ముఖ్యం, అడాప్టర్ 3.3 వోల్టులదై ఉండాలి. 5 వోల్టులది పెడితే చిప్ దెబ్బతినొచ్చు. పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల పోర్టుకు నేరుగా తగిలించడం ఇంకా ప్రమాదం. వేగం సెకనుకు 115200 బిట్లు.

స్క్రీన్ మీద యూబూట్ పలకరించింది, కెర్నెల్ ఎక్కింది, డిస్కు కనిపించింది, అన్నీ సవ్యం. నెట్‌వర్క్ లింక్ మాత్రం ఎంతసేపు చూసినా పైకి రావడం లేదు. అంటే లోపం డబ్బాలో కాదు, కేబుల్‌లో. గోడ వెంట ఎప్పుడో వేసిన ఆ కేబుల్ కొనల్లో చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేసి ఉన్నాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఇదివరకు మధ్యలో పాత 100 ఎంబీ స్విచ్ ఉండేది కాబట్టి నడిచింది. ఇప్పుడు ఫైబర్ వాళ్లు ఇచ్చిన రౌటర్‌లో గిగాబిట్ పోర్టులు. రెండు పక్కలా "నాకు గిగాబిట్ వచ్చు" అని చెప్పుకునేది ఆ నాలుగు తీగల మీదే. ఒప్పందం కుదురుతుంది, తీరా మొదలుపెడితే మిగతా నాలుగు తీగలు లేవు. కొన్ని చిప్‌లు తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి, ఇక్కడ అలా జరగలేదు. కొత్త కేబుల్ వేయించాం, వెంటనే వచ్చేసింది. సీరియల్ చూడకపోయి ఉంటే ఇన్‌స్టాలేషన్ తప్పేమోనని డిస్కు మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చునేదాన్ని.

ఫైల్ షేరింగ్‌కు కేఎస్ఎంబీడీ పెట్టాను. సాంబాతో పోలిస్తే తేలిక, 256 ఎంబీ ర్యామ్‌కు హాయిగా సరిపోతుంది, ఎస్ఎంబీ2, 3 మాట్లాడుతుంది. విండోస్ నెట్‌వర్క్ లిస్టులో పేరు దానంతట అదే కనిపించడానికి డబ్ల్యుఎస్‌డీడీ2 ప్యాకేజీ కూడా కావాలి. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్‌లను కొత్త విండోస్‌లు చాలావరకు ఒప్పుకోవు, మనకూ అవసరం లేదు. స్టూడియోకు ఒక యూజర్, చదవడానికి మాత్రమే వీలున్న ఇంకో యూజర్ కుర్రాడికి. డేటా పార్టిషన్‌ను పరికరం పేరుతో కాక, దాని గుర్తింపు సంఖ్య యూయూఐడీతో మౌంట్ చేయించాను. బయట నుంచి లోపలికి ఏ పోర్టూ తెరవలేదు. ఊరికి వెళ్లినప్పుడు ఫోన్లో చూసుకోవచ్చా అని మామయ్య అడిగాడు. 2021 గుర్తుచేశాను, మళ్లీ అడగలేదు.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఎదురయ్యే రెండు చిక్కులు చెప్పాలి, ఇవి ఇంగ్లిష్ గైడ్లలో సాధారణంగా కనిపించవు.

మొదటిది. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే దారిలో) డబ్బా లోపలికి వెళ్లి, పేర్లు చూపించే ఎల్ఎస్ కమాండ్ కొడితే ఫోల్డర్ పేర్లన్నీ ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. కాపీ చేసేటప్పుడు పేర్లన్నీ పాడైపోయాయనే ఎవరికైనా అనిపిస్తుంది. పాడవలేదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఎల్ఎస్ లాంటి కమాండ్లు ఇచ్చే బిజీబాక్స్‌ను వీలైనంత చిన్నగా ఉంచడానికి యూనికోడ్ మద్దతు లేకుండా తయారుచేస్తారు. దాని ఎల్ఎస్‌కు ఇంగ్లిష్ కాని ప్రతి బైటూ ఒక ప్రశ్నార్థకమే. తెలుగు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతిలో) మూడు బైట్లు. "పెళ్లి" తీసుకోండి: ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి. మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు, కాబట్టి 18 ప్రశ్నార్థకాలు. నిజం తెలియాలంటే ఎల్ఎస్‌ను పక్కన పెట్టి, ఎకో కమాండ్‌కు నక్షత్రం ఇచ్చి, వచ్చిన దాన్ని హెక్స్‌డంప్‌లోకి పంపండి. ప్రతి మూడు బైట్లకు ఒకసారి ఈ-సున్నా, వెంటనే బీ-సున్నా గానీ బీ-ఒకటి గానీ కనిపిస్తే మీ తెలుగు భద్రంగా ఉంది. తెలుగుకు యూనికోడ్‌లో ఇచ్చిన చోటు మొత్తం ఆ రెండింటి కిందే వస్తుంది. విండోస్ నుంచి అదే ఫోల్డర్ తెరిస్తే పేర్లు చక్కగా కనిపించాయి.

రెండోది. కొత్త ఆల్బమ్‌లు కంప్యూటర్ నుంచి డబ్బాకు కాపీ చేస్తుంటే కొన్ని ఫోల్డర్ల దగ్గర ఆగిపోయేది. ఖాళీ ఉంది, పర్మిషన్లు సరే, చిన్న ఫైళ్లు పోతున్నాయి. చూస్తే అన్నీ పొడుగు పేర్లు. మా మామయ్య ఫోల్డర్ పేరులోనే శుభలేఖ మొత్తం రాసేస్తాడు, వరుడు, వధువు, ఇద్దరి ఇంటి పేర్లు, ఊరు, కల్యాణమండపం, తేదీ. విండోస్‌లో పేరుకు 255 గుర్తుల దాకా చోటుంది. ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు రెండూ ఒకటే కాబట్టి తేడా ఎప్పటికీ తెలియదు. తెలుగుకు మూడింతలు పడుతుంది, అంటే 85 గుర్తులు. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కే. "స్త్రీ" మన కంటికి ఒకే అక్షరం, డిస్కుకు 18 బైట్లు. ఇప్పుడు ఫోల్డర్ పేరులో ఇంటి పేర్లు, ఊరు, తేదీ మాత్రమే పెట్టి, మిగతా వివరాలన్నీ లోపల ఒక టెక్స్ట్ ఫైలులో రాస్తున్నాడు. ఆ పద్ధతి ఆయనకు మొదట నచ్చలేదు. వెతకడం సులువైందని తర్వాత ఒప్పుకున్నాడు.

వేగం గురించి పెద్ద ఆశలు వద్దు. 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో గిగాబిట్ కేబుల్ పూర్తిగా నిండదు. ఆల్బమ్ ఫైళ్లు దాచుకోవడానికి చాలు, వీడియో ఎడిటింగ్ నేరుగా దీని మీద పెట్టుకోవద్దు. ఎస్ఎస్‌హెచ్ మీదుగా పెద్ద కాపీలు చేస్తే ప్రాసెసర్ శక్తంతా ఎన్‌క్రిప్షన్‌కే పోతుంది, అదే లోకల్ నెట్‌వర్క్‌లో ఎన్‌క్రిప్షన్ లేకుండా కాపీ చేసే ఆర్‌సింక్ డీమన్ అయితే బాగా నడుస్తుంది. ఫ్యాన్ లేని డబ్బా కాబట్టి ఎండాకాలంలో బీరువా మీద పెట్టకూడదు. గాలి తగిలే చోట కింద పెట్టించి, డిస్కు వేడిని స్మార్ట్‌సీటీఎల్‌తో అప్పుడప్పుడు చూస్తున్నాను.

కరెంటు కోతల కోసం రౌటర్‌కు పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దీనికీ సరిపోతుందా అని చాలామందికి అనుమానం రావచ్చు. వోల్టేజ్ సరిపోయినా, డిస్కు తిరగడం మొదలుపెట్టే ఆ మొదటి కొన్ని సెకన్లలో ఎక్కువ కరెంటు లాగుతుంది. డబ్బా అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లకు తక్కువగా ఇచ్చే యూపీఎస్ అయితే డిస్కు లేవబోయి ఆగిపోతూ ఉంటుంది. స్టూడియోలో ఎలాగూ ఇన్వర్టర్ ఉంది, దానికే కలిపించాను.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీని అప్‌గ్రేడ్ చేసే ముందు ఒక్క జాగ్రత్త. మనం చేర్చిన మూడో పార్టిషన్ కొత్త ఇమేజ్ పట్టికలో ఉండదు. పట్టికలు కలవకపోతే అప్‌గ్రేడ్ డిస్కు మొదట్లో తన పట్టికనే రాసేస్తుంది. డేటా అక్కడే ఉంటుంది, కానీ అక్కడుందని చెప్పే వరుస పోతుంది. అందుకని ఎస్ఎఫ్‌డిస్క్‌తో ఇప్పటి పట్టికను టెక్స్ట్ ఫైలుగా తీసి లాప్‌టాప్‌లో ఉంచుకున్నాను. ఒక కాగితం మీద ప్రింట్ తీసి డబ్బా కింద అంటించాను కూడా. అవసరమైతే అదే ఫైలును తిరిగి ఎక్కిస్తే పార్టిషన్ యథాస్థానంలో కనిపిస్తుంది.

ఇక ఒకే డబ్బాలో ఉన్న ఫోటోలు దాచినట్టు కాదు కాబట్టి, ప్రతి ఆదివారం ఆర్‌సింక్‌తో ఇంకో డిస్కుకు కాపీ తీయమని కుర్రాడికి నేర్పాను. కాపీ అయ్యాక ఆ డిస్కు స్టూడియోలో ఉండదు, మామయ్య ఇంటికి తీసుకెళ్తాడు. తడిసిన ఆల్బమ్ తిరిగి ప్రింట్‌కు వెళ్లింది. మామయ్యకు తెలిసిన ఇంకో ఫోటోగ్రాఫర్ దగ్గర ఇలాంటిదే రెండు డిస్కుల డబ్బా ఉందట, మై బుక్ లైవ్ డ్యుయో. దానికి కూడా ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఇమేజ్ ఉంది, కానీ రెండు డిస్కులు విడిగా ఉన్నాయా, కలిపి ఒకే పెద్ద డిస్కుగా చేశారా అన్నది ముందు తెలియాలి. కలిపి ఉంటే ఒక్కదాన్నే ఊడదీసి చదవడం కుదరదు. రెండింటినీ తీసే ముందు ఏది ఏ అరలో ఉందో స్కెచ్ పెన్నుతో డిస్కుల మీద రాయమని కబురు పంపాను.